మాటల ముచ్చట: లర్చరు

కాలేజీలో చదువుతున్న తమ అమ్మాయి ఇంగ్లీషు పద్యపాఠంలో "లర్చరు" అనే కుక్క వచ్చిందనీ, ఇంట్లో ఉన్న చిన్న నిఘంటువులో "లర్చ్" అంటే తూలడం అని మాత్రమే ఉందనీ, ఇది తూలుతూ నడిచే కుక్కా అనీ ఒక సోదరి అడిగారు. ప్రశ్న మంచిది. చాలామందిని తికమక పెట్టే మాటే ఇది.

ముందుగా ఆ చిక్కు విప్పుదాం. ఇంగ్లీషులో "లర్చ్" అనే రూపంలో వేర్వేరు మాటలున్నాయి. ఓడ ఒక పక్కకు ఒరగడం, మనిషి తూలడం ఒకటి. ఒకణ్ణి ఆపదలో విడిచిపెట్టి పోవడమనే పలుకుబడిలో ఉన్నది మరొకటి. అది ఫ్రాన్సు దేశపు పాత పాచికల ఆట పేరునుంచి వచ్చింది. ఈ రెండింటికీ మన కుక్కతో చుట్టరికం లేదు. మూడవది ఇప్పుడు వాడుకలో లేని క్రియ. పొంచి ఉండడం, ఇతరుల వాటా వారికంటె ముందే ఎగరేసుకుపోవడం దాని అర్థాలు. లర్చరు పుట్టింది దీనినుంచే.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. 16వ శతాబ్దంలో ఈ పేరు కుక్కది కాదు, మనిషిది. చిల్లర దొంగను లర్చరు అనేవారు. ఆ తరువాతి శతాబ్దంలో అదే పేరు కుక్కకు అంటించారు.

మరి ఆ కుక్క చేసిన దొంగతనమేమిటి? 1671లో ఇంగ్లండులో వేట చట్టం ఒకటి వచ్చింది. సామాన్యంగా ఏడాదికి 100 పౌనుల రాబడి ఇచ్చే సొంతభూమి ఉంటేనే కుందేలును గాని కౌజుపిట్టను గాని వేటాడే హక్కు. తక్కినవారు తుపాకి, వల, వేటకుక్క ఉంచుకోవడమే నేరం. తన చేలో పైరు కొరికే కుందేలును కొట్టడానికి కూడా చిన్నరైతుకు హక్కు లేదు. ఈ ఆస్తి నియమాన్ని 1831లో తీసివేశారు. 1828 నాటి మరో చట్టం ప్రకారం రాత్రివేళ దొంగవేటలో మూడవసారి దొరికితే ఏడేళ్ళ ద్వీపాంతరవాసం!

అట్టి రోజులలో పేదవాడికీ, సంచార జీవనం చేసే రోమానీలకూ చేదోడైనది ఈ కుక్క. ఇది ఒక జాతి కాదు, ఒక కలయిక. గ్రేహౌండువంటి పరుగు కుక్కకూ, గొర్రెలు కాచే కోలీకో, మొండిపట్టు గల టెర్రియరుకో పుట్టిన పిల్ల. పరుగు ఒకరినుంచి, తెలివీ చెప్పినమాట వినే గుణమూ మరొకరినుంచి వస్తాయి. మొరగకుండా పోయి, కుందేలును పట్టి, యజమాని చేతికి తెచ్చి ఇవ్వడం దీని పని. రెండు పరుగు జాతులే కలిస్తే దానిని లర్చరు అనరు, "లాంగ్‌డాగ్" అంటారు. బ్రిటనులోని కెన్నెల్ క్లబ్బు నేటికీ లర్చరును ఒక జాతిగా నమోదు చేయదు.

ఇక అమ్మాయి పాఠం బహుశా విలియం కూపరు 1785లో ప్రకటించిన "ది టాస్క్" కావ్యంలోనిది అయి ఉంటుంది. మంచు కురిసిన ఉదయం కట్టెలు కొట్టేవాడు అడవికి పోతూ ఉంటే వెంట నడిచే కుక్కను సగం లర్చరనీ, సగం ఊరకుక్క అనీ కవి వర్ణించాడు. ఆ ఒక్క మాటతో యజమాని పేదరికం, ఆ ఇంటి కుండలో అప్పుడప్పుడు ఏ మాంసం ఉడుకుతుందో నాటి పాఠకుడికి తెలిసిపోయేది.

దీనిని తెలుగులో ఏమందాం? "జాగిలం" అనాలని తోస్తుంది గాని అది తగదు. మన ప్రబంధాలలో జాగిలాలు రాజుల వెంట వేటకు పోయినవి. నేటి పత్రికలలో అవి పోలీసుల వెంట దొంగలను పట్టేవి. లర్చరు ఎదుటి పక్షపు కుక్క. "దొంగకుక్క" అన్నామా, జమీందారు తీర్పును మన నోటితో మనమే చెప్పినవాళ్ళమవుతాం. "పొంచి పట్టే వేటకుక్క" అని ఒకసారి వివరించి, తరువాత లర్చరు అనే వ్రాయడం మేలు.

నేడు బ్రిటనులో ఎన్నో ఇళ్ళలో ఇది సాధువైన పెంపుడు కుక్క. అయితే పాత మచ్చ పూర్తిగా పోలేదు. కుక్కలతో కుందేళ్ళను వేటాడించడాన్ని ఇంగ్లండు, వేల్సులలో 2004 నాటి చట్టం నిషేధించింది. అయినా పందేల కోసం పరుల పొలాలలో కుక్కలను వదిలేవారు ఉన్నారు. ఆకలికొద్దీ చేసిన వేట వేరు, డబ్బుకోసం పైరు తొక్కించడం వేరు. రెండింటికీ కుక్క ఒకటే, పేరూ ఒకటే.

కనుక నిఘంటువులో ఒక పేరు చూసినప్పుడు దాని అర్థంతోబాటు, ఆ పేరు పెట్టినవారెవరని కూడా అడగడం అలవాటు చేసుకుందాం. లర్చరు తనకు తాను పేరు పెట్టుకోలేదు. దానిని పెంచినవాడూ పెట్టలేదు.