మచ్చ యే ప్రక్క నున్నది?

బొమ్మల ధారావాహికలను చూచుచు అందలి పొరపాట్లను ఏరి లెక్కపెట్టుట నేడు మన విద్యార్థులలో అనేకులకు వినోదమైనది. ముందటి దృశ్యమున ఎడమచేత నున్న కఱ్ఱ మరుదృశ్యమున కుడిచేతి కెట్లు వచ్చెను? తలిదండ్రులు దీనిని కాలహరణ మందురు. నేనట్లనను. శ్రద్ధగా చూచు కన్ను బడిలోను బయటను గూడ అక్కఱకు వచ్చునదే. కాని తప్పని పలుకుటకు ముందు విచారింపవలసినది కొంత గలదు.

“అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్” అను అమెరికా ధారావాహికనే తీసికొందము. దీనిని నికెలోడియన్ వారు 2005 మొదలు 2008 వఱకు 61 భాగములుగా ప్రసారము చేసిరి. బొమ్మలను కదలించు పని దక్షిణ కొరియా చిత్రశాలలలో జరిగినది. ఇన్ని చేతులు పడిన పనిలో ఒక గీత యటు నిటు తప్పుట వింత గాదు. అట్టివానికై నేను కలము కదపను.

ఇందు టాఫ్ అను అంధబాలిక గలదు. ఎడారిపై ఎగురుచు గ్రంథాలయమును వెదకునపుడు ఆమె “అదిగో!” యని కేకవేయును. అక్కడనే బొమ్మ నాపి తప్పు వ్రాసికొన్నవాడు మోసపోవును. మరుక్షణముననే ఆమె, మీలో నెవరికైన కనబడినపుడు మాట యిట్లుండునని చెప్పి తన కన్నుల యెదుట చేయి యాడించును!

నిజమైన పట్టు మఱియొకటి. ఈ కథాలోకమున జంతువులు చాలవఱకు రెండేసి జాతుల కలయికలు: తాబేలు బాతు, ప్లాటిపస్ ఎలుగు మొదలగునవి. 2006లో వచ్చిన యొక భాగమున, రాజు పెంచునది వట్టి ఎలుగుబంటియే యని విని ఆంగ్ మొదలగువారు నమ్మలేకపోవుదురు. కాని 2005 నాటి భాగములో మూలికల వైద్యురాలి యొద్ద మియూకి యను వట్టి పిల్లిని ఆ ఆంగే చూచియున్నాడు. దీనిని కనిపెట్టిన బాలుని నేను మెచ్చుకొందును.

మూడవ సంపుటమున ఐరో కంఠము మాఱినదనియు కొందఱు తప్పుల పట్టికలో వ్రాయుదురు. మాఱినమాట నిజమే. ఆ పాత్రకు కంఠమొసగిన మాకో 2006 జూలైలో మరణించెను. పిమ్మట గ్రెగ్ బాల్డ్విన్ ఆ పని కొనసాగించెను. ఆ యేటనే ప్రసారమైన బా సింగ్ సే కథల భాగములో, ఐరో మృతుడైన తన కుమారుని తలచి కొండమీద చెట్టు క్రింద పాడి విలపించు ఘట్టము మాకోకే అంకితము. దీనిని చిత్రకారుల మఱపుతో ఒకే వరుసను చేర్చుట నాకు సరిపడదు.

అన్నిటికంటె నన్ను కలతపెట్టునది వేఱు. మన పిల్లలు మూలమును చూడక, ఒకని పట్టికను మఱియొకడు ఎత్తి వ్రాసికొనుచున్నారు. ఈ యలవాటు నా కథాకర్తలు ముందే ఎగతాళి చేసియున్నారు. 2008లో వచ్చిన నాటకపు భాగమున, కథానాయకులు తమ కథనే రంగస్థలముపై చూతురు. జూకో మచ్చ ఎడమ కంటిపై నుండగా, వాని వేషధారికి కుడిప్రక్కన దిద్దిరి. అక్కడి బాలు డొకడు నిజమైన జూకోను చూచి, వేషము బాగుగనే యున్నది గాని మచ్చ తప్పుప్రక్కన నున్నదని చెప్పిపోవును. జూకో, పాపము, తన మచ్చ సరియైన ప్రక్కనే యున్నదని వాని వెనుక అఱచును.