చల్లగాలి గొట్టంలో వడగాలి!

మే నెలలో మిట్టమధ్యాహ్నం పార్వతీపురం మెయిన్ రోడ్డు మీద నిలబడితే ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. చుట్టూ కొండలున్న మాటే గానీ ఊరు మాత్రం సముద్రమట్టానికి 120 మీటర్ల ఎత్తులోనే ఉంది. కొండమీది చల్లదనం కిందికి దిగిరాదు. ఆ ఎండలో మనమైతే చెట్టు నీడకో, కొబ్బరిబొండాల బండి దగ్గరికో పరిగెడతాం. మరి మన కారు ఇంజిను ఎక్కడికి పోవాలి? దానికీ చల్లటి గాలే కావాలి. అదీ కడుపునిండా కావాలి.

ఈ అవసరం చుట్టూ ఓ పెద్ద వ్యాపారమే నడుస్తోంది. పేరు 'కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్'. తళతళలాడే అల్యూమినియం గొట్టం, దాని చివర ఎర్రటి శంకువులాంటి ఫిల్టరు. కంపెనీ బిగించి ఇచ్చిన నల్లటి ప్లాస్టిక్ డబ్బా పీకేసి ఆ స్థానంలో దీన్ని పెడతారు. ఖరీదు వేలల్లో ఉంటుంది. ఇంజినులోకి చల్లగాలి దూసుకుపోతుందని, పికప్ పెరుగుతుందని, మైలేజీ కూడా వస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. కొత్తగా కారు కొన్న కుర్రాడికి ఇది ముచ్చట. అరకుకో, కోరాపుట్‌కో కిరాయిలు తోలుకుని కిస్తీలు కట్టే కుటుంబానికి మాత్రం ఇంజినే జీవనాధారం. కాబట్టి ఆ మాటల్లో నిజమెంతో చూడాల్సిందే.

ముందుగా చల్లగాలి ఎందుకో తెలుసుకుందాం. గాలి వేడెక్కితే పలచబడుతుంది. సిలిండర్ సైజు మారదు కదా... పలచటి గాలి నిండితే అందులో ఆక్సిజన్ తక్కువ, కాలే ఇంధనం తక్కువ, పుట్టే బలమూ తక్కువే. మన వాతావరణంలో గాలి 3 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత సుమారు 1 శాతం పడిపోతుంది. పెట్రోలు ఇంజినుకు మరో తంటా కూడా ఉంది. గాలి బాగా వేడిగా ఉంటే లోపలి మిశ్రమం వేళ కాని వేళ అంటుకుని ఇంజిను టకటకా కొట్టుకుంటుంది. అలా జరక్కుండా కంప్యూటరు స్పార్కును కాస్త ఆలస్యం చేస్తుంది. దాంతో ఇంకొంచెం బలం పోతుంది.

ఓ చిన్న లెక్క వేద్దాం. బయట 40 డిగ్రీలుందనుకోండి. బండి నెమ్మదిగా పాకుతున్నప్పుడు బానెట్ కింద గాలి 70 డిగ్రీలకు చేరడం వింతేమీ కాదు. హైస్కూలు సైన్సు పాఠం గుర్తుందా? రెండింటికీ 273 కలపాలి. ఒకటి 313, రెండోది 343. అంటే బయటి గాలితో పోలిస్తే బానెట్ కింది గాలి దాదాపు 9 శాతం పలచన.

ఇప్పుడు రెండో లెక్క. సాలూరు దాటాక పి.కోనవలస ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ చేరితే దాదాపు 870 మీటర్ల ఎత్తుకు వెళ్తాం. పార్వతీపురం కంటే 750 మీటర్లు పైన. అంత పైకి వెళ్తే గాలి ఒత్తిడి సుమారు 8 శాతం తగ్గుతుంది. పైన కాస్త చల్లన కాబట్టి అందులో కొంత తిరిగొస్తుంది, అది వేరే సంగతి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. బానెట్ కింది వేడిగాలి పీల్చే బండి, పార్వతీపురంలో ట్రాఫిక్ మధ్య కదలకుండా ఉండగానే కోరాపుట్ ఎత్తుకు ఎక్కేసినంతగా నీరసపడుతోందన్నమాట! ఇక నిజంగా ఘాట్ ఎక్కితే ఆ నీరసానికి ఈ నీరసం తోడవుతుంది.

మరయితే చల్లగాలి గొట్టం మంచిదే కదా అంటారా? తిరకాసు అక్కడే ఉంది. కంపెనీ ఇచ్చిన ఆ నల్ల డబ్బా వేడిగాలి పీలుస్తోందని ఎవరన్నారు?

బానెట్ ఎత్తి చూడండి. ఫిల్టరు డబ్బా నుంచి ఓ ప్లాస్టిక్ గొట్టం బయల్దేరి ముందు గ్రిల్ వెనక్కో, హెడ్‌లైట్ పక్కకో, ఫెండర్ లోపలికో వెళ్తుంది. దాని మూతి ఉండేది ఇంజిను వేడి తగలని చోట. అంటే మీ కారుకు చల్లగాలి గొట్టం పుట్టుకతోనే ఉంది. ప్లాస్టిక్ కావడం, నల్లగా ఉండటం, చప్పుడు చేయకపోవడం... ఇవే దాని లోపాలు. అందానికి మార్కులు పడలేదు పాపం!

కార్బురేటర్ల కాలంలో ఇలా ఉండేది కాదు. చాలా కార్లకు గుండ్రటి ఎయిర్ క్లీనర్ సరాసరి ఇంజిను నెత్తిన కూర్చుని అక్కడి వేడిగాలినే తాగేది. అందుకే 1960ల్లో అమెరికాలో బయటి గాలిని బానెట్ మీది నుంచి లోపలికి తెచ్చే ఏర్పాట్లు పుట్టాయి. పాంటియాక్ కంపెనీ 'ర్యామ్ ఎయిర్' పేరుతో అమ్మింది అలాంటిదే. ఆ రోజుల్లో దానివల్ల నిజంగానే ప్రయోజనం ఉండేది. తర్వాత్తర్వాత కంపెనీలే గొట్టాన్ని బయటికి తిప్పాయి. జబ్బు తగ్గిపోయినా మందు అమ్మకం మాత్రం ఆగలేదు.

పైగా ఇప్పుడు చల్లగాలి పేరుతో అమ్ముతున్నవాటిలో చాలావాటికి గొట్టం బయటిదాకా పోనే పోదు. పొట్టి గొట్టం, చివర ఫిల్టరు, అంతే. ఆ ఫిల్టరుకు మూతా ఉండదు, అడ్డూ ఉండదు. ఉండేది రేడియేటర్ ఫ్యాన్ విసిరే సెగలోనే. కొన్న పేరు చల్లగాలి, పీల్చేది వడగాలి.

న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. హైవే మీద 80లో పోతుంటే ఈ తేడా బాగా తగ్గిపోతుంది. ముందు నుంచి దూసుకొచ్చే గాలి బానెట్ కింది సెగను ఊడ్చేస్తుంది. 1.2 లీటర్ల ఇంజిను 3000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే సెకనుకు దాదాపు 30 లీటర్ల గాలి మింగుతుంది. గొట్టంలో పట్టేది లీటరున్నరో, రెండు లీటర్లో. గాలి అందులో ఉండేది క్షణంలో చిన్న ముక్క. ఆపాటి దానికి గొట్టం అల్యూమినియమా, ప్లాస్టిక్కా అన్నది పెద్ద విషయం కాదు. అదే బండి ఆగి ఇంజిను తిరుగుతుంటే పీల్చే గాలి అందులో పదో వంతు. కాలిన పెనంలాంటి లోహపు గొట్టంలో గాలి తీరిగ్గా వేడెక్కుతుంది. మన దారులు ఎలాంటివి? రైల్వే గేటు దగ్గర ఆగాలి, సంత రోజున జనం మధ్య పాకాలి, ఘాట్‌లో లోడు లారీ వెనకాల రెండో గేరులో మూలగాలి. వేగం తక్కువ, ఎక్కుడు ఎక్కువ. ఓపెన్ ఫిల్టరుకు ఇంతకంటే చెడ్డ చోటు వెతికినా దొరకదు.

అసలైన చల్లగాలి గొట్టం చూడాలంటే సాలూరు వెళ్లండి. లారీలకు పేరుపడ్డ ఊరు కదా! పాత 43వ నంబరు, ఇప్పటి 26వ నంబరు జాతీయ రహదారి మీద ఘాట్ ఎక్కడానికి బయల్దేరే లారీలను గమనించండి. చాలావాటికి క్యాబిన్ వెనక నిలువుగా పైకి లేచిన గొట్టం కనిపిస్తుంది. గాలి పీల్చే ముక్కు అదే. ఇంజినుకు దూరంగా, చక్రాలు రేపే దుమ్ముకు అందనంత ఎత్తులో పెట్టారు. పాత ట్రాక్టర్లకు బానెట్ మీద గిన్నె బోర్లించినట్టుండే ప్రీ క్లీనర్‌ది కూడా ఇదే తర్కం. దానికి మెరుపుల్లేవు, స్టిక్కరు లేదు. రైతు ఎన్నడూ దాని గురించి గొప్పలు పోయినట్టు వినలేదు.

ఇక డీజిలు సంగతి. మన్యంలో తిరిగే జీపులు, ఎస్‌యూవీల్లో టర్బో డీజిళ్లే ఎక్కువ. టర్బో గాలిని ఒత్తినప్పుడు దాని వేడి 100 డిగ్రీలు దాటిపోవచ్చు. దాన్ని చల్లార్చి ఇంజినుకు అందించే బాధ్యత ఇంటర్‌కూలర్‌ది. కాబట్టి టర్బో ముందు అయిదారు డిగ్రీలు తగ్గించడం కోసం వేలు పోయడం కంటే ఇంటర్‌కూలర్ రెక్కల్లో పేరుకున్న మట్టిని కడిగించడం మేలు. ఎత్తుకు వెళ్లినప్పుడు పలచబడే గాలిని కూడా టర్బో చాలావరకు సర్దుకుంటుంది. ఇంకో సంగతి... డీజిలు ఇంజినులో గాలి పెరిగినంత మాత్రాన బలం పెరగదు, ఇంధనమూ పెరగాలి. ఎంత పోయాలో తేల్చేది కంప్యూటరు. గొట్టం మారిందని దానికెవరు చెప్పారు?

మైలేజీ పెరుగుతుందన్న మాటకైతే ఆధారమే కనిపించదు. మామూలుగా నడిపేటప్పుడు పెట్రోలు ఇంజినుకు గాలి కొరత ఉండదు. మనమే యాక్సిలరేటర్‌తో సగం మూసి ఉంచుతాం. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ మరో అడుగు ముందుకేసి, కావాలనే ఫిల్టర్లను మూసుకుపోయేలా చేసి కొత్తతరం పెట్రోలు కార్లను పరీక్షించింది. వేగం పుంజుకోవడంలో తేడా వచ్చింది గానీ మైలేజీలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. మూసుకుపోయిన ఫిల్టరే మైలేజీని తినకపోతే, బాగా తెరుచుకున్న ఫిల్టరు ఎక్కడి నుంచి తెచ్చిపెడుతుంది?

నన్ను ఎక్కువ భయపెట్టేది వేడి కాదు, దుమ్ము. కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు ఎర్రమట్టి దారుల్లో ఒక జీపు వెళ్తే వెనకాల జీడిచెట్లు కూడా రంగు మారిపోతాయి. గాలి ధారాళంగా రావాలని అల్లిక వదులు చేసిన ఫిల్టరు సాధారణంగా సన్నటి దుమ్మును కూడా రానిస్తుంది. ఆ మట్టి సిలిండర్ గోడల మీద గరుకు కాగితంలా పనిచేస్తుంది. రింగులు అరుగుతాయి, ఆయిలు తాగడం మొదలవుతుంది, వెనక నీలి పొగ వస్తుంది. ఒక్క రోజులో తెలిసే జబ్బు కాదిది. తెలిసేసరికి బండి ఇంజిను పనికి వస్తుంది. అప్పుడు అయ్యే ఖర్చు ముందు ఆ గొట్టం ఖరీదు చిల్లర కింద లెక్క. నూనె పూసి వాడే కాటన్ ఫిల్టర్లతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నూనె ఎక్కువైతే అది వెళ్లి గాలిని కొలిచే సెన్సరుకు అంటుకుంటుంది. అక్కణ్నుంచి కొలతలు తప్పుతాయి.

దుమ్ము పోయి వానాకాలం వస్తే గెడ్డలు పొంగుతాయి. నిజంగానే చల్లగాలి తేవాలని గొట్టాన్ని బంపర్ కిందిదాకా దించిన కిట్లు కొన్నున్నాయి. ఉష్ణోగ్రత విషయంలో అవి మెరుగే, కాదనను. కానీ రోడ్డు మీద పారే గెడ్డలోకి బండి దించినప్పుడు ఆ మూతి నీళ్లలో మునుగుతుంది. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. పైకొచ్చే పిస్టన్ నీటిని గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మామూలు బీమా పాలసీ చాలాసార్లు ఈ నష్టాన్ని భరించదు. ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకుని ఉండాలి. అది ఉన్నా, బండికి మార్పులు చేసిన సంగతి బీమా కంపెనీకి చెప్పకపోతే పేచీ తప్పదు. వారంటీకీ ఇదే వరస. చట్టం మాటకొస్తే, కంపెనీ ఇచ్చిన మౌలిక వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది.

ఇంత చెప్పినా నమ్మకం కుదరకపోతే మీరే కొలుచుకోవచ్చు. ఈమధ్య దశాబ్దంలో వచ్చిన కార్లకు స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు ఉంటుంది. అందులో గుచ్చే చిన్న బ్లూటూత్ పరికరం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఇంజినులోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రత సెల్‌ఫోన్‌లోనే కనిపిస్తుంది. కంపెనీ డబ్బాతో ఒకరోజు, కొత్త గొట్టంతో మరోరోజు, అదే సమయంలో అదే దారిలో వెళ్లండి. బయటి ఉష్ణోగ్రత కూడా రాసుకుని, రెండింటి మధ్య తేడానే పోల్చండి. ఆగినప్పుడు ఎంత, 60లో పోతుంటే ఎంత, ఘాట్‌లో ఎంత అన్నది విడివిడిగా చూడాలి. బండి ఆగినప్పుడు సెన్సరు కూడా చుట్టూ ఉన్న సెగకు వేడెక్కి కాస్త ఎక్కువ చూపిస్తుంది, కదిలాక రెండు మూడు నిమిషాలు ఆగి చూడండి. టర్బో బండ్లలో అయితే సెన్సరు టర్బోకు ముందుందో, ఇంటర్‌కూలర్ తర్వాత ఉందో ముందే కనుక్కోవాలి. ఆ రెండు అంకెలకూ పొంతన ఉండదు.

కొత్త గొట్టం పెట్టించాక బండి చురుగ్గా పోతోందని చాలామంది ఒట్టేసి చెబుతారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. మూత లేని ఫిల్టరు 'స్‌స్‌స్' మంటూ గట్టిగా బుసకొడుతుంది. ఆ చప్పుడు చెవిన పడితే వేగం పెరిగినట్టే అనిపిస్తుంది. చప్పుడు కోసమే కొంటున్నామని తెలిసి కొంటే నాకేం అభ్యంతరం లేదు, ఎవరి సరదా వాళ్లది. బలం కోసమైతే మాత్రం ముందు ఉన్న గొట్టం సంగతి చూడండి. చిన్న యాక్సిడెంటు తర్వాతో, రోడ్డు పక్క రిపేరు తర్వాతో గ్రిల్ వైపు వెళ్లే ముక్క ఊడిపోయి బండ్లు అలాగే తిరిగేస్తుంటాయి. ఫిల్టరు మూత క్లిప్పుల్లో ఒకటి విరిగి, మూత ఓ పక్క లేచి ఉంటుంది. కాగితం ఫిల్టరును గాలి కొట్టి మళ్లీ వాడేవాళ్లు లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కొట్టించాలి. గట్టిగా కొడితే కాగితం చిరుగుతుంది. దుమ్ము దారుల్లో తిరిగే బండికి పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కంటే ముందే కొత్తది వేయడం మంచిది.

చివరగా ఓ పరీక్ష. ఇంజిను ఆపి, చల్లారాక, ఫిల్టరు డబ్బా తర్వాత ఇంజిను వైపు వెళ్లే గొట్టాన్ని విప్పించి, లోపలి గోడను తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు ఎర్రమట్టి అంటిందంటే ఫిల్టరును తప్పించుకుని దుమ్ము లోపలికి పోతున్నట్టే. ఇక ఆ రోజు ఘాట్ ప్రయాణం మానుకుని బండిని మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి.