నడుము కొలత

కాటాపై నిలిచి, బరువు పెరుగలేదని తృప్తిపడు రైతు సోదరులకు మేమొక మాట మనవి చేయుచున్నాము. ధాన్యపు బస్తాకు తూకము చాలును, మనుష్యునకు చాలదు. 2004వ సంవత్సరమున లాన్సెట్ పత్రికలో పూనా వైద్యులు యాజ్ఞిక్ గారును, లండను వైద్యులు యుడ్కిన్ గారును తమ ఛాయాచిత్రమునే ప్రకటించిరి. ఎత్తునుబట్టి లెక్కించిన బరువు సూచిక ఇరువురకును 22.3. కాని కొవ్వు యుడ్కిన్ గారి దేహమున నూటికి 9.1 పాళ్లు, మన యాజ్ఞిక్ గారి దేహమున 21.2 పాళ్లు!

ఇట్టి కొవ్వు పొట్టలోపలను, కాలేయమునను చేరినపుడు, రక్తమందలి చక్కెరను కండలకు చేర్చు ఇన్సులిను మాటను దేహము సరిగా వినదు. క్లోమము మరింత ఇన్సులినును స్రవించి కొన్నియేండ్లు నెట్టుకొనివచ్చును. అంతకాలమును పరగడుపు పరీక్షలో చక్కెర సరిగానే కనుపించును. అపుడు ముందుగా హెచ్చరింపగలది నడుము కొలత. మన దేశీయులలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. టేపు లేనివారు తమ యెత్తు త్రాడు తీసికొని, సగమునకు మడచి, నడుమునకు చుట్టిచూడవచ్చును. కొసలు కలియనిచో వైద్యుని దర్శింపవలెను. కొలత అనుమానమును తెలుపునేగాని రోగమును నిర్ణయింపదు. ఊపిరి బిగబట్టి పొట్టను లోనికి లాగుకొనుట మాత్రము తగదు. ఇట్టివారిని మేమెరుగుదుము.

బానపొట్ట కలిమికి గురుతను భ్రమ మన గ్రామములలో ఇంకను పోలేదు. దుక్కి ట్రాక్టరు పాలయ్యెను. అన్నము మాత్రము నాగలినాటి కొలతయే. ప్రతి సంఘ కార్యాలయమునను కాటాప్రక్కనే యొక టేపు వ్రేలాడవలెనని మా యభిప్రాయము. కార్యదర్శిగారితోనే మొదలుపెట్టవచ్చును.