కాలికి సరిపడే జత, కూలికి సరిపడే ధర

వినాయక చవితికి ముందు ధూల్‌పేట్ గల్లీల్లోకి ఎప్పుడైనా వెళ్లారా? ముందుగదిలో, గుమ్మం బయట, ఎక్కడ చూసినా సగం రంగు పడ్డ గణపతులే. సంక్రాంతి వస్తోందంటే పతంగులు. ఇల్లే కార్ఖానా. అయినా గుడుంబా, గంజాయి కేసులతోనే ఆ పేరు ఎక్కువగా పేపర్లకెక్కింది. ఇంటర్వ్యూలో అడ్రస్ చెప్పడానికి జంకే కుర్రాళ్ల ఇబ్బంది వేరేవాళ్లకు అర్థం కాదు.

అడ్రస్‌కు ఉన్నట్టే కొన్ని పనులకూ మచ్చ అంటగట్టారు. తోలుపని అందులో మొదటిది. తంగేడు చెక్క, కరక్కాయలతో లందల్లో తోళ్లు పదును చేసి, ఊరందరికీ కిర్రు చెప్పులు కుట్టిచ్చింది మాదిగ కుటుంబాలు. అదే ఊళ్లో చెప్పులేసుకుని నడవనివ్వని రోజులూ వాళ్లే చూశారు. ఇవాళ్టికీ ‘నాన్న ఏం చేస్తారు?’ అంటే ‘బిజినెస్’ అని దాటేసే స్టూడెంట్లు మీ క్లాసులోనే ఉండొచ్చు.

ఇదే పనికి ఇంకో ముఖం కూడా ఉంది. 2025 జూన్‌లో ప్రాడా కంపెనీ మిలాన్ ర్యాంప్ మీద అచ్చం కొల్హాపురీల్లాంటి చెప్పులు చూపించింది. మహారాష్ట్ర, కర్ణాటక జిల్లాల ఆ చెప్పులకు 2019లోనే జీఐ గుర్తింపు ఉంది. గొడవయ్యాక గానీ కంపెనీ ఆ మూలాన్ని ఒప్పుకోలేదు. మన రాయదుర్గం పక్కనే ఎఫ్‌డీడీఐ క్యాంపస్‌లో ఫుట్‌వేర్ డిజైన్ డిగ్రీగా చెబుతున్నారు. పని అదే. కూర్చున్న చోటును బట్టి మర్యాద మారుతోంది, అంతే.

సరే, చేతికి వస్తుందా రాదా చూసుకోవాలంటే ఒక ఉంగటం చెప్పుల జత చాలు. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కాగితం మీద నిలబడండి. బరువంతా పాదం మీద వేసి, పెన్సిల్ నిలువుగా పట్టి ఎవరిచేతైనా గీయించుకోండి. రెండు పాదాలూ గీయాలి, ఎందుకంటే కుడీ ఎడమా అచ్చంగా ఒక్కలా ఉండవు. ఆ గీతకు చుట్టూ కొంచెం వదిలి, చెట్టు బెరడుతో పదును చేసిన మందపాటి తోలును రెండు పొరలుగా కోయండి. క్రోమ్ తోలు మెత్తగా బాగానే ఉంటుంది కానీ, తడిపి వంచితే ఆ ఆకారంలో నిలవదు. పై పొరకు గాట్లు పెట్టి పట్టీలు, ఉంగటం కిందికి దూర్చి, అడుగు పొర అతికించి, మైనం పట్టించిన దారంతో చుట్టూ కుట్టాలి. ఆరెతో రంధ్రాలు మరీ దగ్గర దగ్గరగా పొడిస్తే తోలు ఆ గీత వెంటే చిరుగుతుంది. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఇది. యూట్యూబ్ చూసి సగం వస్తుంది, మిగతా సగం మీ వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరుంది. ఆయన టైముకు డబ్బులిచ్చి నేర్చుకోండి, ‘ఊరికే చూపించు’ అనకండి.

లెక్క మాత్రం ముందే వేసుకోవాలి. రెండు రోజులు పట్టే జతను 800కి అమ్మారనుకోండి. తోలు, దారం, సోల్ పోను చేతికి 500 మిగిలితే రోజుకు 250. అడ్డా కూలీ ఇంతకన్నా నయం! ఫ్యాక్టరీ చెప్పు ధరతో పోటీ పడితే ఓడిపోయేది మీరే. వెడల్పు పాదాలున్నవాళ్లు, రెండు కాళ్ల సైజూ తేడా ఉన్నవాళ్లు, షాపుల్లో ఏదీ సరిపోక విసిగిపోయినవాళ్లు.. మీ గిరాకీ అక్కడుంది.

ఇంట్లో ఇప్పటికే ఈ పని ఉంటే ఒక్క సంగతి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చెప్పుల పనీ ఉంది. ట్రైనింగ్‌లో రోజుకు 500, పనిముట్లకు 15,000, ఆపైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా లోన్. కుటుంబానికి ఒక్కరికే అవకాశం కాబట్టి నాన్న పేరా, మీ పేరా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. కామన్ సర్వీస్ సెంటర్‌కు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకెళ్లండి.

మొదటి జత మాత్రం అమ్మకండి. నెల రోజులు మీరే వేసుకుని తిరగండి. బస్సెక్కండి, వానలో తడవండి. ఎక్కడ కరుస్తోందో, ఏ కుట్టు ముందు వదులవుతోందో రాసి పెట్టుకుని, రెండో జత కోయడానికి అప్పుడు కూర్చోండి.