పేర్లు కొట్టేసిన జాబితాలు వస్తాయి, జాగ్రత్త

మన చేతిలో ఉన్న ఒక హక్కుకు పదును తగ్గించేశారు. పెద్ద చర్చ లేకుండా జరిగిపోవడంతో చాలామందికి ఆ సంగతే తెలియదు. రేపు మీరు ఏ మండలాఫీసుకో అర్జీ పట్టుకెళ్లి, ఉత్త చేతులతో తిరిగొచ్చాక తెలిస్తే లాభం లేదు. అందుకే ఇప్పుడే చెబుతున్నాం, దయచేసి చెవిన వేసుకోండి.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. వ్యక్తిగత సమాచారం సంగతి అందులోని 8(1)(జె) సెక్షన్ చూసుకునేది. ప్రజా వ్యవహారాలతో సంబంధం లేని సొంత విషయాలు, అకారణంగా ఒకరి ఏకాంతంలోకి చొరబడే వివరాలు ఇవ్వనక్కర్లేదని పాత సెక్షన్ చెప్పింది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే మాత్రం అవీ ఇవ్వాలంది. పార్లమెంటుకూ శాసనసభకూ కాదనలేని సమాచారాన్ని మామూలు మనిషికీ కాదనకూడదని చివర్లో ఒక గొప్ప మాట కూడా ఉండేది. 2023లో తెచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తన 44(3) సెక్షన్‌తో ఇదంతా చెరిపేసింది. ‘వ్యక్తిగత సమాచారం’ అయితే ఇవ్వక్కర్లేదన్న ఒక్క ముక్కే మిగిలింది. 2025 నవంబరులో ఈ మార్పు అమల్లోకి వచ్చింది.

పేర్లే కదా, పోతే పోయాయి అనుకోకండి. దొంగలెక్క దాక్కునేది పేర్ల చాటునే. మీ ఊరికి పింఛన్ల కింద ఎంత డబ్బు వచ్చిందని అడిగితే ఎవరైనా చెబుతారు. అందులో చనిపోయినవాళ్ల పేరు మీద ఎంత పోతోందో జాబితా చూస్తేనే తేలుతుంది. ఇళ్ల స్థలాలు ఎవరికిచ్చారు? రోడ్డు పని కాంట్రాక్టు ఎవరిది? వేయని రోడ్డును వేసినట్టు ఎంబుక్‌లో, అంటే పనుల కొలతల పుస్తకంలో, రాసి సంతకం పెట్టిన ఇంజినీరు ఎవరు? ఇవన్నీ మనుషుల పేర్లే. తలుచుకుంటే అన్నింటినీ ‘వ్యక్తిగతం’ అనెయ్యొచ్చు.

ఈ హక్కు ఎక్కడ పుట్టిందో గుర్తు చేసుకుందాం. 1994లో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు కూలీల మస్టర్లు (హాజరు పట్టీలు) సంపాదించి ఊరందరి ముందు చదివి వినిపించారు. కాగితం మీద కూలి అందుకున్నవాళ్లు, నిజంగా అందుకున్నవాళ్లు ఒకరు కాదని అక్కడే బయటపడింది. 1996లో బ్యావర్‌లో జనం 40 రోజులు ధర్నాకు కూర్చున్నారు. ఆ కూలీల పట్టుదలే పెరిగి చట్టమైంది. మనకూ ఇది కొత్త కాదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైన తర్వాత, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు ఊరూరా జరిగాయి. మస్టరులో పేరు పైకి చదివితేనే కదా ఆ మనిషి లేచి ‘నేనా పనికే పోలేదు’ అనగలిగేది! పేరు చదవకూడదంటే ఇక తనిఖీ చేసేదేముంది?

గోప్యత వద్దని మేం అనడం లేదు. అది ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. మంచి మాట. ఒక వితంతువు ఫోన్ నంబరో ఆధారో, ఒకరి జబ్బు సంగతో నోటీసు బోర్డు మీద అంటించాలని ఎవరూ కోరరు. పాత సెక్షన్ కూడా వాటిని కాపాడింది. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు, ఆ జాగ్రత్త కోసం మొత్తం హక్కునే బలిపెట్టాల్సిన అవసరం ఏముంది?

కొన్ని గుర్తులు చెబుతాం, కనిపెట్టి ఉండండి. పేర్ల మీద నల్లగీతలు కొట్టిన జాబితా చేతిలో పెడతారు. నిన్నటిదాకా వెబ్‌సైట్‌లో కనిపించిన లబ్ధిదారుల వివరాలు ఇవాళ లాగిన్ అడుగుతాయి. ‘ఇది మీకెందుకు?’ అంటారు. కారణం చెప్పక్కర్లేదని 6(2) సెక్షన్ చెబుతోంది, బెదరకండి. 30 రోజులు దాటినా జవాబు రాదు. అప్పీలుకు వెళ్తే వినడానికి కమిషనర్లే ఉండరు. 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా తెలంగాణ సమాచార కమిషన్‌లో ఒక్కరూ లేరన్నది మరిచిపోవద్దు. కమిషనర్ల పదవీకాలాన్నీ జీతాన్నీ కేంద్రం చేతిలో పెడుతూ 2019లోనే మరో సవరణ వచ్చింది.

ఇంకో భయం కూడా ఉంది. కొత్త డేటా చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. పాత ముసాయిదాల్లో పత్రికా పనికి ఇచ్చిన మినహాయింపు 2023 చట్టంలో కనిపించదు. సొంత, ఇంటి అవసరాలకు మినహాయింపు ఉంది. ఊరి కోసం జాబితా తీసి పదిమందికీ పంచే కుర్రాడికి మాత్రం స్పష్టమైన రక్షణ లేదు. అంత మొత్తం అతని మీద నిజంగా వేస్తారో లేదో తర్వాత మాట. వేస్తారేమోనన్న బెదురు చాలు, నోళ్లు మూతపడటానికి.

అయినా దారులన్నీ మూసుకుపోలేదు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే మినహాయించిన సమాచారమైనా ఇవ్వొచ్చనే 8(2) సెక్షన్ ఇంకా ఉంది. అర్జీలోనే దాన్ని పేర్కొని, మీరడిగేది ఊరికి ఎందుకు అవసరమో రెండు వాక్యాల్లో రాయండి. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు, అధికారుల జీతాలు, అనుమతులు పొందినవారి వివరాలు అడక్కుండానే బయటపెట్టాలని 4(1)(బి) ఇప్పటికీ చెబుతోంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పంచాయతీలో అడిగితే ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ఒంటరిగా మాత్రం అడగకండి. గిర్ అడవుల్లో అక్రమ తవ్వకాల మీద సమాచార హక్కు అర్జీలతో పోరాడిన అమిత్ జెఠ్వాను 2010లో అహ్మదాబాద్‌లో, హైకోర్టు ఎదుటే కాల్చి చంపారు. నలుగురు కలిసి, నాలుగు పేర్లతో అర్జీలు పెట్టండి.

కాదన్న కాగితం వస్తే ఫైలు కట్టెయ్యకండి. అది అందిన 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అక్కడా కాదంటే 90 రోజుల్లోగా కమిషన్‌కు రెండోది. మీ ఎంపీ ఊళ్లోకి వచ్చినప్పుడు 8(1)(జె) పాత రూపం తిరిగి తెమ్మని రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి. ఇవాళ వెబ్‌సైట్‌లో తెరుచుకుంటున్న మీ ఊరి జాబితాలు రేపు తెరుచుకోకపోవచ్చు. ఈ వారంలోనే ప్రింటు తీసి, తేదీ వేసి దాచుకోండి.