‘అందరూ బయటికి!’ – నవ్వులాటగా మారిన ఒక హక్కు

సమ్మె అనే మాటకు టెలివిజన్ హాస్యం ఎన్నడో ఒక విదూషక వేషం కుట్టించింది. ఆ వేషాన్ని కుట్టినది కూడా ఒక దుస్తుల కర్మాగారంలోనే కావడం విశేషం. 1961లో బ్రిటన్‌లో బి.బి.సి. ‘ది ర్యాగ్ ట్రేడ్’ అనే హాస్య ధారావాహికను ప్రారంభించింది. రోనాల్డ్ వోల్ఫ్, రోనాల్డ్ చెస్నీ దానికి రచయితలు. ఫెన్నర్ ఫ్యాషన్స్ అనే చిన్న కర్మాగారం, కుట్టుమిషన్ల ముందు కూర్చున్న ఆడవాళ్లు, పైసా రాల్చని యజమాని, అతనికీ కార్మికులకూ నడుమ నలిగే మేస్త్రీ – కథకు ఇదీ సరంజామా. సంఘ ప్రతినిధి ప్యాడీగా మిరియం కార్లిన్ నటించారు. యజమాని మాట పూర్తికాకముందే ప్యాడీ ఈల వేసి, ‘అందరూ బయటికి!’ అని అరుస్తుంది. మిషన్లు ఆగిపోతాయి. ప్రేక్షకులు విరగబడి నవ్వుతారు. ఆ కేక అక్కడ ఊతపదమై కూర్చున్నది.

ఈ ధారావాహికను తిట్టిపోయడం మా ఉద్దేశం కాదు. కుట్టుపని చేసే ఆడవాళ్లను కథకు నడిమధ్య కూర్చోబెట్టి, తెలివిని వాళ్లకిచ్చి, అవస్థను యజమానికివ్వడం చిన్న విషయం కాదు. కంపెనీ గుడ్డతో, కంపెనీ మిషన్ మీద, కంపెనీ వేళలో సొంత బేరానికి కుట్టుకొని యజమాని కళ్లుగప్పే ఘట్టాలకు మేమూ నవ్వుతాము. చాలని జీతం మనిషికి ఎన్ని ఉపాయాలు నేర్పుతుందో పనిచేసినవారికి తెలుసు. కార్లిన్ కూడా నిజజీవితంలో నటీనటుల సంఘమైన ఈక్విటీలో చురుకుగా పనిచేసిన మనిషి. సంఘద్వేషంతో ఆమె ఆ ఈల వేయలేదు.

మా పేచీ వేరొకచోట ఉన్నది. ఫెన్నర్ కర్మాగారంలో సమ్మెకు ఖర్చు లేదు. పై వారం అందరూ మళ్లీ అవే కుర్చీలలో ఉంటారు. ఛార్జిషీటు లేదు, కిరాణా కొట్టులో అప్పు ఆగిపోదు, ఇంటివాడు సామాను వీధిలో వేయడు. సమ్మెలో రెండవ నెల ఎట్లా గడుస్తుందో మన పాఠకులకు వివరించనక్కరలేదు. ఖర్చు లేని సమ్మెకు కారణం కూడా అక్కరలేదు. కనుక ప్యాడీ దేనికైనా ఈల వేయగలదు. సంఘమంటే పనికి అడ్డుపడే ఒక దురలవాటు అనే భావం నవ్వుతోపాటే చూసేవారి మనసులోకి దిగిపోతుంది. (మన సినిమాలలో యూనియన్ నాయకుడు మాత్రం ఏమి? అయితే హాస్యగాడు, కాకుంటే అమ్ముడుపోయినవాడు.)

1977లో ఈ ధారావాహికను ఐ.టి.వి. తిరిగి మొదలుపెట్టింది. అదే ప్యాడీ, అదే ఈల. సరిగ్గా ఆ రోజులలోనే లండనులోని విల్స్‌డెన్‌లో, గ్రన్‌విక్ అనే ఫోటో ఫిల్ములు కడిగే కర్మాగారం ముందు నిజమైన సమ్మె నడుస్తున్నది. గుజరాత్‌లో పుట్టి, తూర్పు ఆఫ్రికా మీదుగా బ్రిటన్ చేరిన జయాబెన్ దేశాయ్ 1976 ఆగస్టులో నిర్బంధ ఓవర్‌టైమును ఎదిరించి బయటికి నడిచారు. ఆమె వెంట వచ్చినవారిలో అత్యధికులు మన ఉపఖండపు మూలాలున్న స్త్రీలు. పత్రికలు వారిని ‘చీరకట్టిన సమ్మెకారులు’ అని వింతగా రాశాయి. వారడిగినది తమ సంఘానికి గుర్తింపు. క్రికిల్‌వుడ్ తపాలా కార్మికులు ఆ కంపెనీ ఉత్తరాలను ముట్టమన్నారు, గని కార్మికులు బారులు తీరి వచ్చారు. ప్రభుత్వం వేసిన స్కార్మన్ విచారణ సంఘం వారిని తిరిగి పనిలోకి తీసుకోవాలని సిఫారసు చేసింది. యాజమాన్యం తిరస్కరించింది. దాదాపు రెండేళ్ల తర్వాత, 1978 జూలైలో, ఉద్యోగాలు దక్కకుండానే సమ్మె ముగిసింది. తెరమీద ఈల వేసిన ప్రతిసారీ గెలుపు ప్యాడీ దరిదాపులలోనే ఉండేది.

ఆ తర్వాత బ్రిటన్ దుకాణాల బట్టల కుట్టుపనిలో పెద్దభాగం సముద్రాలు దాటింది. దానితోపాటు ఈల మాత్రం రాలేదు. 2013 ఏప్రిల్ 23న ఢాకా దాపున సావర్‌లో, ఎనిమిది అంతస్తుల రాణాప్లాజా గోడలలో పెద్ద పగుళ్లు కనిపించాయి. చూసిన ఇంజనీరు ప్రమాదమని చెప్పాడు. మరునాడు అదే భవనంలోని బ్యాంకు తన ఉద్యోగులను రావద్దన్నది. పై అంతస్తులలోని అయిదు దుస్తుల కర్మాగారాల కార్మికులను మాత్రం, నెల జీతం పోతుందన్న బెదిరింపులతో లోపలికి పంపారు. ఆ ఉదయమే భవనం కూలింది. 1,134 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. ఆ అయిదింటిలో ఒక్కదానిలోనూ సంఘం లేదు. ‘అందరూ బయటికి!’ అని అరవవలసిన ఉదయం ఏదైనా ఉంటే అది అదే. అరిచి ఉద్యోగం నిలుపుకోగల మనిషి అక్కడ ఒక్కరూ లేరు. ప్రమాదకరమైన పనిని నిరాకరించే హక్కును గుర్తించిన ఒప్పందం మీద విదేశీ కంపెనీలు సంతకాలు చేసినది ఆ తర్వాతి నెలలో.

మన దేశం సంగతి చూడండి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రజోపయోగ సేవలలో మాత్రమే సమ్మెకు ముందస్తు నోటీసు కోరింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏ పారిశ్రామిక సంస్థలోనైనా కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది కూడబలుక్కొని ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మెగానే లెక్క. బెంగుళూరు, తిరుప్పూరు దుస్తుల కర్మాగారాలలో కుట్టే ఆడపిల్లకు ప్యాడీ ఈల ఇచ్చినా, మోగించడానికి ముందు క్యాలెండరు చూసుకోవాలి.

ప్రాణాపాయం సంగతి వేరు కదా అనవచ్చు. దానికి మరొక కోడ్ ఉన్నది. వృత్తిభద్రత కోడ్‌లోని 14వ సెక్షను ప్రకారం, ప్రమాదం ముంచుకొస్తున్నదని భయపడిన కార్మికులు ఆ సంగతి యజమానికీ, ఇన్‌స్పెక్టరుకూ తెలియజేయవచ్చు. యజమానికి నిజమనిపిస్తే వెంటనే చర్య తీసుకుంటాడు, అనిపించకుంటే ఇన్‌స్పెక్టరుకు నివేదిస్తాడు, నిర్ణయం ఇన్‌స్పెక్టరుది. ఈలోగా మిషన్ వదిలి లేచిపోయే హక్కు కార్మికునికి ఉన్నదని ఆ సెక్షను స్పష్టంగా చెప్పదు. మన సంఘాలు వేతన ఒప్పందాలకు కూర్చున్నప్పుడు ఆ ఒక్క వాక్యాన్ని ఒప్పందంలో రాయించుకోవాలని మా సూచన. సావర్‌లో పగులును ఇంజనీరు చూసిన వేళకూ భవనం కూలిన వేళకూ నడుమ ఉన్నది ఒక్క రాత్రి.