ముప్ఫై అని రాసి, అరవైకి రోడ్డు వేశారు

హైదరాబాద్‌లో కాలనీ రోడ్డెక్కిన ఏ బండీ గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని 2022లోనే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. డివైడర్ ఉన్న పెద్ద రోడ్ల మీద కార్లకు 60, డివైడర్ లేని చోట 50. కాలనీల్లోకి వస్తే కారుకైనా, బైకుకైనా, వాటర్ ట్యాంకరుకైనా 30. మంచి ఉత్తర్వు. ఇప్పుడు ఏ సాయంత్రమైనా మీ వీధి మొగలో ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. ఆ అంకె అసలు ఉందని తెలిసినవాడు ఒక్కడైనా కనిపిస్తాడేమో అడగండి. 30 అని కాగితం మీద రాసిన ప్రభుత్వమే అదే వీధికి నున్నటి తారు పొర పరిచింది, మలుపులు విశాలం చేసింది, కిలోమీటరు దూరం కనిపించేలా దారి తిన్నగా చేసింది. చేత్తో 30 రాసి, రోడ్డు రోలరుతో 60 రాసింది. బండి నడిపేవాడు ఆ రెండో రాతనే చదువుతాడు.

30కీ 50కీ పెద్ద తేడా ఏముందిలే అనేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం లెక్క చెబుతాను. 30లో వస్తున్న కారు ముందుకి ఓ పిల్లవాడు బంతి వెంట పరిగెత్తుకొచ్చాడు. డ్రైవరు చూసి, బ్రేకు తొక్కేసరికి ఓ సెకను పడుతుంది. ఆ సెకనులో కారు 8 మీటర్లు ముందుకొస్తుంది. బ్రేకు పడ్డాక మరో 5 మీటర్లలో ఆగుతుంది. రోడ్డు పొడిగా ఉండి, బ్రేకులు బాగుంటే మొత్తం 13 మీటర్లు. అదే కారు 50లో వస్తుంటే ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు దూసుకొస్తుంది. మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోటు దాటుతున్నప్పుడు కూడా రెండో కారు డ్రైవరు కాలు ఇంకా బ్రేకు మీద పడలేదు. పిల్లవాడికి తగిలే దెబ్బ పూర్తి 50ది. ఒకే డ్రైవరు, ఒకే చూపు, ఒకే చురుకుదనం. ఒక వేగంలో పిల్లవాడు బంతి తీసుకుని ఇంటికెళ్తాడు, ఇంకో వేగంలో వెళ్లడు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో నడిచి వెళ్తూ చనిపోయినవాళ్లే 32,825 మంది. నూటికి 71 మరణాలను ఆ నివేదిక అతివేగం ఖాతాలో రాసింది. అక్కడితో మన పెద్దల ఆలోచన ఆగిపోతుంది. అతివేగం అనగానే డ్రైవరు తలబిరుసు, కుర్రాళ్ల పొగరు అనేసి చలాన్ల పుస్తకం తీస్తారు. అంత వేగం ఆ వీధిలో ఎలా సాధ్యమైందని మాత్రం అడగరు.

మలుపు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది ఎలాగో. మెయిన్ రోడ్డు నుంచి కాలనీలోకి తిరిగే చోట అంచును విశాలంగా గుండ్రంగా కోసేస్తారు. బండివాడు గేరు మార్చకుండా, బ్రేకు మీద కాలు వేయకుండా లోపలికి జారిపోతాడు. నడిచేవాళ్లు దాటాల్సిన దూరం రెట్టింపవుతుంది. దాటుతున్న మనిషికి బండి వెనకవైపు నుంచి వస్తుంది, తల తిప్పి చూసేలోపే పక్కన ఉంటుంది. పెద్ద కూడళ్లలో ఇదే పనికి ఫ్రీ లెఫ్ట్ అని పేరు పెట్టి, జంక్షన్ అభివృద్ధి పద్దు కింద డబ్బు ఖర్చుపెట్టి మరీ చేస్తారు. సిగ్నల్ ఎర్రగా ఉన్నా ఆ ఎడమ మలుపులో బండ్లు ఆగవు. చేతికర్రతో నడిచే పెద్దావిడ ఎప్పుడు దాటాలో గీసినవాళ్లెవరూ చెప్పలేరు. ఆ డ్రాయింగ్‌లో ఆమెకు చోటే లేదు.

ఆమెను ఫుట్‌పాత్ మీద నడవమంటారా? కాలనీలో ఫుట్‌పాత్ ఉన్న చోట ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఇంటింటి గేటు ముందు కారెక్కే ర్యాంపు ఉంటుంది, ఆ పక్కనే ఇసుక కుప్ప ఉంటుంది. కాబట్టి రోడ్డు మీదే నడుస్తుంది. బడి వదిలాక పిల్లలూ అక్కడే నడుస్తారు. పాలవాడు, చెత్తబండి, ఇస్త్రీ బండి అన్నీ అక్కడే. అందుకే అక్కడ 30 కావాలి.

కొత్త తారు పడ్డ వారంలోపే కాలనీవాళ్లకు విషయం అర్థమవుతుంది. కార్పొరేటర్‌కి చెబుతారు, ఆఫీసుకి అర్జీ పెడతారు. ఎవరూ రారు. చివరికి ఎవరింట్లోనో మిగిలిన సిమెంటు, కంకర తెచ్చి రాత్రికి రాత్రి అడ్డంగా ఓ గట్టు పోసేస్తారు. అడుగున్నర వెడల్పు, జానెడు ఎత్తు, పైన తెల్లగీత ఉండదు, ముందు బోర్డు ఉండదు. స్కూటరు అడుగుభాగం దానికి గీసుకుని ఆగిపోతుంది. చీకట్లో తెలియక వచ్చిన బండి మీద, వెనక ఒకవైపుగా కూర్చున్న మనిషి ఎగిరి పడుతుంది. నిండు గర్భిణిని ఆస్పత్రికి తీసుకెళ్లే ఆటో ఆ గట్టు ఎక్కిదిగేటప్పుడు ఆమె పడే బాధ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మరి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఏమంటుంది? 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగే వంపు. 25లో వచ్చే బండి హాయిగా దాటిపోతుంది, 50లో వచ్చేది మాత్రమే కుదుపు తింటుంది. 1988 నుంచీ ఈ కొలతలు పుస్తకంలో ఉన్నాయి. ప్రతి ఇంజనీరు బల్ల మీదా ఉండాల్సిన పుస్తకమది. 2018లో దాన్ని తిరగరాసి, బంపులతో ఆగకుండా వీధుల్లో వేగం తగ్గించే పద్ధతులన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చారు. ప్రాణభయంతో జనం పోసుకున్న గట్టును అక్రమం అనే హక్కు, ఆ పుస్తకం తెరవని ఇంజనీరుకు లేదు.

ఇక్కడ ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. మనవాళ్లకి క్రమశిక్షణ లేదండీ, ఎన్ని చేసినా ఇంతే. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అదే మనిషి గేటెడ్ కమ్యూనిటీలో అడుగుపెట్టగానే 20లో వెళ్తాడు. అక్కడ దారి వంపులు తిరుగుతుంది, క్రాసింగ్ ఫుట్‌పాత్ ఎత్తుకు లేచి ఉంటుంది, పరిగెత్తించడానికి తిన్నటి దారే ఉండదు. డబ్బున్నవాళ్లు తమ పిల్లలకు నెమ్మదైన వీధిని కొనుక్కున్నారు. గేటు దాటగానే యాక్సిలరేటర్ తొక్కి, అదే ఇంట్లో పనిచేసి వస్తున్న మనిషి ఉండే బస్తీ మీదుగా షార్ట్‌కట్‌లో దూసుకుపోతారు. ఫోన్‌లో మ్యాప్ ఆ దారే చూపిస్తుంది కూడా. వాచ్‌మన్ పిల్లలకు ఆడుకోవడానికి ఉన్నది ఆ రోడ్డే. నెమ్మది అనేది ఫ్లాటు ధరలో కలిపి అమ్మే సదుపాయం ఎందుకు కావాలి? ప్రతి వీధికీ అది హక్కుగా రావాలి.

నెదర్లాండ్స్‌లో పుట్టుకతోనే అందరూ సైకిలెక్కి బుద్ధిగా ఉండేవాళ్లని మనం అనుకుంటాం. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద 3,000 మందికి పైగా చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు ఊరుకోలేదు. పిల్లల హత్యలు ఆపండి అన్నదే తమ సంఘానికి పేరుగా పెట్టుకుని వీధుల్లో బైఠాయించారు. డెల్ఫ్ట్ పట్టణంలో అంతకుముందే మొదలైన ప్రయోగానికి 1976లో చట్టబద్ధత వచ్చింది. వీధి మధ్యలో చెట్లు, వంకర దారి, నడిచేవాళ్లకే మొదటి హక్కు. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో సగానికి పైగా వీధుల్లో ఇప్పుడు పరిమితి 30. 2024 జులై నుంచి ఏడాది పాటు ఆ నగరంలో రోడ్డు ప్రమాదంలో ఒక్కరూ చనిపోలేదు. అక్కడ మంచు పడి రోడ్లు జారతాయి, చలికాలంలో తొందరగా చీకటి పడుతుంది. మన కాలనీల్లో ఆ కష్టం కూడా లేదు.

చట్టం కూడా మన చేతిలో ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 198ఏ సెక్షన్ వచ్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాల ప్రకారం లేకపోవడం వల్ల మనిషి చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా, బాధ్యులైన అధికారికి, కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ప్రాణానికి లక్ష చాలా తక్కువ. అది కూడా అడిగేవాళ్లేరి? ప్రమాదం జరిగితే ఎఫ్ఐఆర్‌లో డ్రైవరు పేరు, బండి నంబరు రాస్తారు. ఆ మలుపు గీసినదెవరో, ఆ బిల్లు పాస్ చేసినదెవరో ఒక్క వాక్యం కూడా ఉండదు. తాగి నడిపినవాణ్ణి, ఇంటర్ చదివే కొడుక్కి బుల్లెట్ బండి కొనిచ్చిన తండ్రిని వదిలేయమని నేననడం లేదు. జైల్లో పెట్టండి. ఆ పక్కనే రోడ్డు వేసినవాళ్లనూ బోనులో నిలబెట్టండి.

కాలనీవాసులకూ ఒక మాట. మన వీధిలో వేగంగా పోయేది బయటివాళ్లే కాదు, మనం కూడా. అర కిలోమీటరు కాలనీ రోడ్డు 50లో వెళ్తే 36 సెకన్లు, 30లో వెళ్తే ఒక నిమిషం. తేడా 24 సెకన్లు. పక్కింటి పిల్లను ప్రమాదంలో పెట్టి మిగుల్చుకునేది అంతే. ఆఫీసుకి లేటవుతోందని చెప్పుకునేవాళ్లు ఆ 24 సెకన్లు ఇంట్లోంచి ముందు బయల్దేరి మిగుల్చుకోవాలి.

ఇక అడగాల్సింది బోర్డుల కోసం కాదు. ఇంకో వెయ్యి బోర్డులు పాతినా వేగం తగ్గదు. బడి ముందు జీబ్రా క్రాసింగ్ ఫుట్‌పాత్ ఎత్తుకు లేవాలి. మలుపుల అంచులు బిగించాలి. ఒకవైపే ఉన్న పార్కింగ్‌ను కొంత దూరం ఇటు, కొంత దూరం అటు మార్చి తిన్నటి దారిని విరగ్గొట్టాలి. షార్ట్‌కట్‌గా మారిన వీధుల్లో సైకిలు, మనిషి పోయేంత సందు ఉంచి కార్లకు అడ్డుకట్ట కట్టాలి. ఇవన్నీ తారు పనిలో భాగంగా, అదే టెండరులో, అదే కాంట్రాక్టరు చేత చేయించాలి. తర్వాత చూద్దాం అంటే ఎప్పటికీ చూడరు.

మీ వీధికి రోడ్డు శాంక్షనయిందని తెలిసిన రోజే ఎస్టిమేట్ కాపీ అడగండి. సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో ఎత్తు క్రాసింగ్ లేకపోతే, మలుపు బిగించే పని లేకపోతే, పని మొదలుకానివ్వకండి. బడి పిల్లల తల్లులు, పెన్షన్‌దారులు, ఆటోవాళ్లు, అందరూ కలిసి రోలరు ముందు కూర్చోండి. ఎస్టిమేట్ మార్చి తెచ్చాకే లేవండి.